ప్రశ్నలు – జవాబులు: పెద్దవాళ్లు తిరుగు ప్రయాణమయ్యే రోజు

సంక్రాంతి వెళ్లాక పిల్లల దగ్గరికి అమెరికా బయలుదేరిన పెద్దవాళ్లు వేసవి మధ్యలోను, వేసవిలో వెళ్లినవాళ్లు దసరా, దీపావళి రోజుల్లోను తిరిగి వస్తుంటారు. ఇటీవల మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఆ బయలుదేరే రోజు గురించే ఉండడంతో ఈ సంచిక శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కనుక అందరి పేర్లూ తీసివేసి ఊళ్లను మాత్రం ఉంచాము.

ప్రశ్న: మా అమ్మానాన్నలది తెనాలి. దాదాపు ఆరు నెలలు మా ఇంట్లో ఉండి వచ్చే నెల వెళ్లిపోతున్నారు. కిందటిసారి వాళ్లు వచ్చినప్పుడు చివరి రోజంతా పెట్టెలు తెరవడం, తూచడం, మళ్లీ సర్దడంతోనే గడిచిపోయింది. అమ్మ పక్కన పది నిమిషాలు కూర్చోలేకపోయాను. విమానాశ్రయంలో నాన్న మీద విసుక్కున్నాను కూడా. ఈసారి అలా జరగకుండా ఆ రోజును ఎలా గడపాలో చెప్పండి. (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఆ రోజును ఎలా గడపాలని ఆలోచించడానికి ముందు, ఆ రోజుకు ఏ పనీ మిగలకుండా ఎలా చూసుకోవాలో ఆలోచించండి. మీ ఉత్తరంలో బాధంతా ఆ పెట్టెల దగ్గరే ఉంది. సామాను సర్దడం ప్రయాణానికి రెండు రాత్రుల ముందే పూర్తి కావాలి. ఒక్కో పెట్టెకు 23 కిలోలు, అంటే సుమారు 50 పౌండ్లు, అన్నది చాలా విమాన సంస్థలు పాటించే పరిమితి. అయితే పెట్టెలు ఎన్ని అనుమతిస్తారన్నది టికెట్ రకాన్ని బట్టి మారుతుంది కనుక కిందటిసారి రెండేసి ఇచ్చారు కదా అని ధీమాగా ఉండకుండా టికెట్ మీద ఉన్నది చదవండి. చేత్తో పట్టుకుని పెట్టెను వేలాడదీసి తూచే చిన్న కాటా ఒకటి కొనుక్కుంటే కౌంటరు ముందు పెట్టె తెరిచి బాదం పప్పు ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి మార్చే అవస్థ తప్పుతుంది. తూచిన తరువాత పెట్టెలకు తాళం వేసి గరాజులో పెట్టించండి. పెట్టె కళ్ల ముందు ఉన్నంత సేపూ అందులో పెట్టడానికి ఎవరికో ఒకరికి ఏదో ఒకటి గుర్తుకు వస్తూనే ఉంటుంది.

చేతిసంచి సంగతి వేరు. రోజూ వేసుకునే మందులు ప్రయాణానికి సరిపడా కాక, మరి కొన్ని రోజులకు కూడా చాలేలా, డాక్టరు చీటీతో పాటు అందులోనే ఉండాలి. ఇన్సులిన్‌ను లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు, ఎందుకంటే సామాను ఉంచే చోట చలికి అది గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంటుంది. పవర్ బ్యాంకులు కూడా చేతిసంచిలోనే తీసుకువెళ్లాలి. దారిలో తినడానికి అమ్మగారు ఏదైనా కట్టుకుంటానంటే పులిహోరకు తనిఖీలో ఇబ్బంది ఉండదు. పెరుగును మాత్రం ద్రవాల లెక్కలోనే చూస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసి పక్కన పెడతారు. ఆవకాయకూ అదే గతి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు నగలకు కస్టమ్స్ వారి దగ్గర ధ్రువపత్రం తీసుకుని ఉంటే అదీ, నగలూ రెండూ చేతిసంచిలోనే ఉండాలి. వీడ్కోలు భోజనాలు, స్నేహితుల ఇళ్లకు వెళ్లి రావడాలు, కాస్ట్‌కోలో చివరి కొనుగోళ్లు, హనుమాన్ గుడికి వెళ్లడం, ఇవన్నీ ముందటి శనివారం, ఆదివారాల్లో ముగించుకోండి.

ఇక ఆ రోజు మీరు చేయవలసిన పని ఒకటే ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టండి. ఇంటి నుంచి పని చేస్తాను కదా, ఇంట్లోనే ఉంటాను కదా అనుకోవద్దు. ఆరు నెలలుగా మీ అమ్మానాన్నలు తలుపు వేసి ఉన్న గది బయట మీ మీటింగ్ ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తూనే ఉన్నారు. వెళ్లే రోజు కూడా అదే తలుపు చూడవలసిన అవసరం వాళ్లకు లేదు. సెలవు పెట్టాక ప్రత్యేకంగా ఏర్పాట్లేవీ చేయకండి. నాన్నగారు రోజూ పొద్దున్నే నడకకు వెళ్తుంటే ఆ రోజు కూడా ఆ దారినే వెళ్లనివ్వండి, వీలైతే మీరూ వెంట వెళ్లండి. పెరట్లో ఆయన పెట్టిన బెండ మొక్కలకు ఆయన చేతనే నీళ్లు పోయించి, ఇక మీదట ఎలా చూసుకోవాలో అడిగి తెలుసుకోండి.

అమ్మగారి విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఒక పెద్దావిడ ప్రయాణం నాటి తెల్లవారుజామున నాలుగింటికే లేచి కందిపొడి కొట్టి, గోంగూర వేయించి, సాంబారు పొడి డబ్బాల్లో నింపి, ఒక్కో డబ్బా మూత మీద తెల్ల టేపు అంటించి దాని మీద పేరు, తేదీ తెలుగులో రాస్తూ కూర్చున్నారు. కూతురు లేచి చూసి, “ఇవన్నీ ఇక్కడ కొట్లో దొరుకుతాయమ్మా, పడుకోవచ్చుగా” అన్నది. మాట ప్రేమతోనే అన్నది. అయినా ఆవిడ కలం మూత పెట్టేసి అక్కడి నుంచి లేచిపోయారు. మీ ఇంట్లో కూడా అలాగే జరిగితే ఆపకండి. పక్కన కూర్చుని టేపు ముక్కలు చించి ఇవ్వండి, ఏ పొడిలో ఏది ఎంత పడుతుందో అడగండి. పది నిమిషాలు కూర్చోలేకపోయానన్నారు కదా, అక్కడ గంట గడుస్తుంది.

ప్రశ్న: మాది కరీంనగర్. ఎడిసన్‌లో కొడుకు ఇంట్లో ఉన్నాం. మనవడికి నాలుగేళ్లు. రాత్రి నా పక్కనే పడుకుంటాడు, బడి బస్సు దిగగానే నా వేలు పట్టుకునే ఇంటికి వస్తాడు. వాడు చూస్తుండగా బయలుదేరితే గుండెలు అవిసేలా ఏడుస్తాడని, నిద్రపోతున్నప్పుడు వెళ్లిపోతే మంచిదని మా కోడలు అంటున్నది. నాకు మనసొప్పడం లేదు. ఏది సరైనది? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీ మనసు చెబుతున్నదే సరైనది. మీ కోడలు పిల్లవాడి మీద ప్రేమతోనే ఆ మాట అన్నది, అందులో సందేహం లేదు. కానీ నిద్ర లేచేసరికి తాతయ్య మంచం మీద లేకపోతే ఆ పిల్లవాడికి అర్థమయ్యేది ఏమిటో ఆలోచించండి. కళ్లు మూసుకుంటే మనుషులు మాయమవుతారని వాడికి అర్థమవుతుంది. ఆ తరువాత కొన్నాళ్లపాటు రాత్రి పడుకోవడానికి మారాం చేయడం, అమ్మ బయటికి వెళ్తుంటే కొంగు వదలకపోవడం వంటివి మొదలైతే వాటిని సర్దుకోవలసింది కూడా మీ కోడలే. ఎదురుగా ఏడ్చిన ఏడుపు ఆ పూటకు తీరుతుంది.

నాలుగేళ్ల పిల్లవాడికి నెల, వారం అన్న లెక్కలు అందవు. పది రోజుల ముందు చెబితే రోజూ అదే అడుగుతూ ఉంటాడు, ఆ రోజే చెబితే తట్టుకోలేడు. నాలుగైదు రోజుల ముందు, “ఇంకా నాలుగు రాత్రులు పడుకుని లేస్తే తాతయ్య, నాయనమ్మ విమానం ఎక్కి కరీంనగర్ పోతారు” అని మామూలు గొంతుతో చెప్పండి. గోడ మీది క్యాలెండరులో వాడి చేతనే రోజుకొక గీత కొట్టించండి. మళ్లీ ఎప్పుడొస్తారని వాడు తప్పకుండా అడుగుతాడు. రేపే వస్తామని, వచ్చే వారం వస్తామని అనకండి. మీకు తెలిసినదే చెప్పండి: “నీకు ఆరేళ్లు వచ్చాక వస్తాం, లేకపోతే ఎండకాలం సెలవుల్లో నువ్వే మా దగ్గరికి వస్తావు” అన్నది నిజమైతే అలాగే చెప్పండి, నిజం కాకపోతే అదీ అనవద్దు.

విమానాశ్రయానికి వాడిని తీసుకువెళ్లాలా, ఇంటి దగ్గరే వీడ్కోలు తీసుకోవాలా అన్నది విమానం వేళను బట్టి నిర్ణయించుకోండి. రాత్రి పది దాటాక విమానం అయితే నిద్రకు ఆగలేని పిల్లవాడిని నెవార్క్ దాకా తిప్పడం కంటే ఇంటి గుమ్మంలోనే ముద్దు పెట్టి, టాటా చెప్పించడం మేలు. ఆ క్షణాన మీ కళ్ల నీళ్లు తిరిగితే దాచుకోనక్కరలేదు. తాతయ్యకు కూడా బాధగానే ఉందని తెలియడం వాడికి ఊరటే. గుమ్మంలో మాత్రం ఎక్కువ సేపు నిలబడకండి, కారు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రాకండి.

ఊరు చేరాక ఫోను ఎప్పుడు చేస్తారన్నది ఇక్కడే వాడితో ఒప్పందం చేసుకోండి. న్యూజెర్సీలో సాయంత్రం 7:30 అయినప్పుడు వేసవిలో కరీంనగర్‌లో తెల్లవారి 5:00 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిగాక 6:00 అవుతుంది. మీరు ఎలాగూ ఆ వేళకు లేచి ఉంటారు, వాడికి అది అన్నం తిని కథ వినే సమయం. ఇంతకన్నా చిన్న పిల్లలు ఉన్న తాతయ్యలకు కూడా ఒక మాట చెప్పాలి: 18 నెలల లోపు పిల్లలకు తెరలు చూపించవద్దని 2016లో సూచించిన అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా వీడియో కాల్‌ను ఆ నియమం నుంచి మినహాయించింది. కాబట్టి పసివాడికి ఫోను చూపిస్తే దృష్టి పాడవుతుందేమో అని కోడళ్లు, కూతుళ్లు భయపడి మీ కాల్ కట్ చేయనక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మకు పంచాంగం మీద నమ్మకం. జూన్ మూడో వారంలో మంగళవారం రాత్రి 8 గంటలకు అమ్మానాన్నల విమానం. సాయంత్రం నాలుగింటికి ఇల్లు వదలాలి. మంగళవారం 3 నుంచి 4:30 వరకు రాహుకాలం కాబట్టి మధ్యాహ్నం రెండున్నరకే బయటపడి ఎక్కడైనా కూర్చుందామంటున్నది. అసలు మంగళవారం బయలుదేరడమే ఆమెకు ఇష్టం లేదు. టికెట్ మార్చాలంటే చాలా ఖర్చవుతుంది. ఏం చేయమంటారు? (ఇర్వింగ్, టెక్సస్)

జవాబు: టికెట్ మార్చనక్కరలేదు. అమ్మగారి నమ్మకాన్ని కాదననూ అక్కరలేదు, ఎందుకంటే ఆవిడ శాస్త్రం ప్రకారమే మీ నాలుగు గంటలకు అభ్యంతరం లేదు. రాహుకాలం అనేది గడియారానికి కట్టిన సమయం కాదు. ఆ ఊళ్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేస్తే మంగళవారానికి ఏడో భాగం రాహుకాలం అవుతుంది. పగలు సరిగ్గా 6 గంటల నుంచి 6 గంటల వరకు ఉందనుకుంటే అది 3 నుంచి 4:30 అవుతుంది. మనం నోటికి నేర్చుకున్న లెక్క అదే. జూన్ మూడో వారంలో మీ ఇర్వింగ్ ఉన్న డాలస్ ప్రాంతంలో సూర్యుడు సుమారు 6:20కి ఉదయించి 8:38కి అస్తమిస్తాడు. పగలు 14 గంటలు దాటుతుంది కనుక ఒక్కో భాగం గంటా నలభై ఏడు నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన మంగళవారం రాహుకాలం సాయంత్రం దాదాపు 5:03 నుంచి 6:50 వరకు ఉంటుంది. మీరు నాలుగింటికి బయలుదేరి, కౌంటరు పని చూసుకుని, ఐదు కొట్టేసరికి లోపలికి వెళ్లిపోవచ్చు. విజయవాడలో అచ్చయిన పంచాంగంలోని ఘడియలు విజయవాడ సూర్యోదయానికి వేసినవి. అమెరికా నగరాలకు విడిగా గుణించిన పంచాంగాలు దొరుకుతున్నాయి, అమ్మగారికి ఒకటి తెచ్చి ఇవ్వండి. వర్జ్యం, దుర్ముహూర్తం కూడా ఆవిడే చూసుకుంటారు.

మంగళవారం వద్దన్న మాటకు మన పెద్దలు ఎప్పుడో దారి చూపించారు. దాని పేరు ప్రస్థానం. అనుకున్న రోజున బయలుదేరడానికి వీలు కానివాళ్లు అంతకు ముందే మంచి వేళ చూసి తమ వస్తువు ఏదైనా, బట్టల మూటో గొడుగో, వేరొకరి ఇంట్లో ఉంచి ప్రయాణం అప్పుడే మొదలైనట్టు భావించేవారు. మీరు సోమవారం మంచి ఘడియలో ఒక పెట్టెను పక్క వీధిలోని స్నేహితుల ఇంటికి చేర్చి, మంగళవారం దారిలో తీసుకోండి. వారశూల, అంటే ఏ వారం ఏ దిక్కుకు ప్రయాణం కూడదన్న లెక్క, గురించి కూడా అడిగారంటే మాత్రం మా దగ్గర సమాధానం లేదు, టెక్సస్ నుంచి హైదరాబాదుకు వెళ్లే విమానం ఏ దిక్కుకు బయలుదేరినట్టో నిర్ణయించడం మా వల్ల కాదు.

ప్రశ్న: ఈ ఆరు నెలలూ మా అత్తయ్యగారితో నాకు సరిపడలేదు. పెద్ద గొడవలేమీ కావు. డిష్‌వాషర్‌లో పెట్టిన గిన్నెలు మళ్లీ కడుగుతారు, పిల్లలకు నేను వద్దన్న పూట అన్నం పెడతారు, నేను వండిన కూరలో ఆయన పళ్లెంలో వడ్డించే ముందు ఉప్పు వేస్తారు. నేనూ రెండు మూడు సార్లు గట్టిగా మాట్లాడాను. వెళ్లే రోజున కూర్చోబెట్టి మనసులో ఉన్నవన్నీ చెప్పేసి, తేలికపడాలని ఉంది. మా వారు వద్దంటున్నారు. (చార్లట్, నార్త్ కరోలినా)

జవాబు: మీ వారి మాట వినండి, అయితే ఆయన చెప్పే కారణానికి కాకపోవచ్చు. మనసులో ఉన్నది చెప్పడం తప్పు కాదు; ఆ రోజు చెప్పడం అన్యాయం. మీరు చెప్పింది విని, ఆలోచించి, ఒక రోజు అలిగి, మరునాడు కాఫీ కలిపి ఇచ్చి మాట కలపడానికి ఆవిడకు సమయం ఉండాలి కదా. మీరు తేలికపడతారు, ఆ బరువును ఇరవై నాలుగు గంటలపాటు మోసుకుంటూ ఆవిడ కాలు చాపుకునే చోటు లేని సీట్లో కూర్చుంటారు. అదే మాట మూడు నెలల కిందట, కూరలో ఉప్పు వేసిన రోజునే, “అత్తయ్యా, ఉప్పు తక్కువైతే నాకు చెప్పండి, నేనే వేస్తాను” అని ఉంటే పోయేది. ఇప్పుడు దానికి వేళ దాటిపోయింది.

ఆవిడ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. సొంత ఊళ్లో పాలవాడితో, పక్కింటివాళ్లతో, కూరగాయల బండి దగ్గర రోజుకు పది మందితో మాట్లాడే మనిషి, కారు నడపడం రాదు కనుక గడప దాటలేని ఇంట్లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా గడిపారు. అక్కడ ఆవిడకు తెలిసిన చోటు, తన చేతికి లొంగే చోటు వంటగది ఒక్కటే. గిన్నెలు మళ్లీ కడిగింది మీ శుభ్రతను శంకించి కాకపోవచ్చు, మధ్యాహ్నం మూడింటికి చేయడానికి వేరే పని లేక కావచ్చు. ఈ మాట మీది తప్పని చెప్పడానికి కాదు, మీ వంటగదిలో ఇంకొకరి పెత్తనం ఆరు నెలలు భరించడం ఎవరికైనా కష్టమే.

గట్టిగా మాట్లాడిన రోజు గుర్తుంటే దాని ఒక్కదానికే క్షమించమని అడగండి. “ఆ రోజు పిల్లల ముందు మీ మీద అరిచాను, అలా అనకుండా ఉండవలసింది” అని అక్కడితో ఆపండి. “కానీ మీరు కూడా” అని మొదలుపెట్టారంటే అడగనట్టే లెక్క. కృతజ్ఞత చెప్పదలిస్తే అదీ వివరంగానే చెప్పాలి. అన్నీ చేశారు, థాంక్స్ అంటే ఆవిడకు అందదు. చిన్నదానికి జ్వరం వచ్చిన రాత్రి మీరు నిద్రపోండని పంపించి ఆవిడ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారా? ఆ రాత్రి పేరెత్తి చెప్పండి. బయలుదేరేటప్పుడు పీట వేసి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పసుపు కుంకుమతో చీర చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టండి. చీర ఆవిడ కట్టుకునే రకమే కావాలి. అమెరికాలో కొన్నారన్న కారణానికి కట్టుకోలేనిది ఇవ్వకండి. ఆవిడ మీ పిల్లల చేతిలోనో, దేవుడి దగ్గర పళ్లెం కిందనో డబ్బు పెట్టి వెళ్తారు. “మాకెందుకు అత్తయ్యా” అని తిరిగి ఇవ్వబోకండి.

మీ వారికి కూడా పని ఉంది. డిష్‌వాషర్ మాట, పిల్లల తిండి మాట తల్లికి చెప్పవలసినది ఆయనే. ఊరు చేరి నెలా రెండు నెలలు గడిచాక, తరువాతి ప్రయాణం మాట వచ్చినప్పుడు, నిదానంగా చెప్పనివ్వండి.

ప్రశ్న: నాకు అరవై తొమ్మిదేళ్లు, మాది రాజమండ్రి. మావారు లేరు. వచ్చేటప్పుడు తెలిసినవాళ్లు తోడున్నారు. తిరిగి దోహా మీదుగా హైదరాబాదుకు ఒక్కదాన్నే వెళ్లాలి. ఇంగ్లీషు రాదు. మోకాళ్ల నొప్పులు. అమ్మాయికి నా భయం చెబితే ఆమె ఇంకా కంగారు పడుతుంది. (హ్యూస్టన్, టెక్సస్)

జవాబు: అమ్మా, అమ్మాయికి చెప్పండి. ఆమె చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి, అవి ముందుగా చేస్తేనే మీకు దారి సులువవుతుంది. మొదటిది చక్రాల కుర్చీ. దీనికి డబ్బు తీసుకోరు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు ఫోను చేసి రాయించాలి. మెట్లు ఎక్కగలిగినవాళ్లకు ఒక రకం, మెట్లు ఎక్కలేనివాళ్లకు మరొక రకం, సీటు దాకా మోసుకువెళ్లవలసినవాళ్లకు ఇంకొక రకం ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో మెట్లు కష్టమైతే రెండో రకమే అడగమనండి, మొహమాటపడి మొదటిది రాయించవద్దు. హ్యూస్టన్‌లో కౌంటరు దగ్గర ఎక్కించుకున్నవాళ్లు విమానం తలుపు దాకా తీసుకువెళ్తారు, దోహాలో దిగగానే మరొకరు వచ్చి రెండో విమానం దగ్గర దించుతారు, శంషాబాదులో పాస్‌పోర్టు తనిఖీ, పెట్టెలు తీసుకోవడం అయ్యాక బయటి దాకా తెస్తారు. టికెట్ మొత్తం ఒకటే అయితే పెట్టెలు దోహాలో మీ చేతికి రావు, నేరుగా హైదరాబాదే చేరతాయి. దోహాలో మీరు విమానాశ్రయం లోపలే ఉంటారు కాబట్టి దానికి వీసా అవసరం లేదు.

రెండోది, మీ అమ్మాయిని కౌంటరు దగ్గర తన గుర్తింపు కార్డు చూపించి, తల్లిని గేటు దాకా దిగబెట్టడానికి పాస్ ఇవ్వమని అడగమనండి. ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం, అయినా పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే చాలాసార్లు ఇస్తారు. మూడోది ఒక కాగితం. ఒక వైపు తెలుగులో మీరు చదువుకోవడానికి విమానం నంబర్లు, సీటు నంబర్లు, దోహాలో ఎన్ని గంటలు ఆగాలో, హైదరాబాదులో ఎవరు వస్తారో, వాళ్ల ఫోను నంబరు. రెండో వైపు ఇంగ్లీషులో, ఈవిడకు తెలుగు మాత్రమే వచ్చు, మోకాళ్ల నొప్పులు, తదుపరి విమానం దగ్గరికి చేర్చండి అని. భాష తెలిసినవాళ్లు కనిపించకపోతే ఆ కాగితం చూపించండి. పాస్‌పోర్టును ఎవరి చేతికి ఇచ్చినా తిరిగి మీ సంచిలోకి వచ్చాకనే కదలండి. కుర్చీ తోసిన మనిషి ఎక్కడైనా దింపి మళ్లీ వస్తానంటే ఆ చోటు వదిలి లేవకండి.

సీటు నడవ పక్కన తీసుకోండి. శాకాహారం కావాలంటే టికెట్‌లో ముందుగానే రాయించాలి, విమానంలో అడిగితే దొరకకపోవచ్చు. గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ, అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేస్తూ, నీళ్లు తాగుతూ ఉండండి. బాత్రూముకు మాటిమాటికీ లేవాలని చాలామంది పెద్దవాళ్లు నీళ్లు మానేస్తారు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక అలా లేవడమే మీకు మంచిది. చక్కెర, రక్తపోటు మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో, తూర్పుకు ప్రయాణించేటప్పుడు పగలు కుదించుకుపోతుంది కనుక, బయలుదేరే ముందే డాక్టరును అడిగి ఆ కాగితం మీదే రాయించుకోండి.

ప్రశ్న: మాది నెల్లూరు. అట్లాంటాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఆరు నెలల గడువు వచ్చే వారంతో ముగుస్తుంది. మనవరాలి పుట్టినరోజు ఇరవై రోజుల్లో ఉంది, అది చూసి వెళ్లమని అందరూ బలవంతం చేస్తున్నారు. వీసా ఇంకా ఆరేళ్లు ఉంది కదా, పరవాలేదంటున్నారు. ఇంకొక సంగతి, ఇక్కడ వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరట, నిజమేనా? (అట్లాంటా, జార్జియా)

జవాబు: వెళ్లిపోండి. పాస్‌పోర్టులో అతికించిన వీసా మీది తేదీ మీరు వచ్చి తలుపు తట్టడానికి ఉన్న గడువు మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చన్నది వచ్చిన రోజున ఐ-94 అనే నమోదులో రాసిన తేదీ నిర్ణయిస్తుంది. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి దాన్ని కంప్యూటరులోనే నమోదు చేస్తున్నారు, అమెరికా కస్టమ్స్ వారి వెబ్‌సైటులో మీ అమ్మాయి ఐదు నిమిషాల్లో చూడగలదు. ఆ తేదీని ఒక్క రోజు దాటినా మీ వీసా చెల్లకుండా పోయే అవకాశం ఉంది, మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. 180 రోజులకు మించి ఉండిపోయి వెళ్తే 3 ఏళ్లు, ఏడాది దాటితే 10 ఏళ్లు రానివ్వరు.

గడువు పొడిగించమని ఐ-539 దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాన్ని గడువుకు కనీసం 45 రోజుల ముందు పంపమని అక్కడి వలస సేవల శాఖ చెబుతుంది. తేదీ దాటే లోపు ఎప్పుడు అందినా తీసుకుంటారు, అయితే దానికి తగిన కారణం, మీరు తిరిగి వెళ్తారనడానికి ఆధారాలు చూపించాలి. అనారోగ్యం వంటిదైతే తప్పకుండా పెట్టుకోవలసిందే, ఒక వకీలును సంప్రదించే పెట్టుకోండి. పుట్టినరోజు కోసం వచ్చే ప్రయాణాన్ని చిక్కులో పెట్టుకోవద్దని మా సలహా. ప్రతిసారీ చివరి రోజు దాకా ఉండి, కొద్ది నెలల్లోనే మళ్లీ వచ్చేవారిని విమానాశ్రయంలో అధికారి ప్రశ్నించడం మామూలే, ఎన్నాళ్లు ఇవ్వాలన్నది ఆయన నిర్ణయమే. పుట్టినరోజు పండుగను ఈ శనివారానికి జరిపించండి. మూడు వారాలు ముందుగా రెండో కేకు కోయడానికి ఏ పిల్లా అభ్యంతరం చెప్పదు.

ముద్ర మాట నిజమే. అమెరికా నుంచి బయలుదేరేటప్పుడు మన దగ్గర లాగా ఇమిగ్రేషన్ కౌంటరు ఉండదు. విమాన సంస్థ పంపే ప్రయాణికుల వివరాలను బట్టి మీరు వెళ్లినట్టు నమోదవుతుంది. అందుకని ఇద్దరి బోర్డింగ్ పాసులనూ పారవేయకుండా పాస్‌పోర్టులతో పాటు దాచండి. హైదరాబాదులోనో చెన్నైలోనో దిగినప్పుడు మన అధికారులు వేసే ముద్ర స్పష్టంగా పడిందో లేదో అక్కడే చూసుకోండి. రెండు మూడు వారాల తరువాత ఐ-94 వెబ్‌సైటులోనే రాకపోకల వివరాలు తెరిస్తే మీరు వెళ్లిన తేదీ కనిపించాలి. కనిపించకపోతే ఆ బోర్డింగ్ పాసులు, ఆ ముద్ర మీకు సాక్ష్యం.